చెట్ల నీడను చదువు: శాంతినికేతన పాఠభవనము

వేసవి సెలవులు ముగియు వేళకు ప్రతి యింటను ఒక చర్చ బయలుదేరును. బిడ్డను కనులయెదుట నుంచుకొని ఊరిబడికి పంపుటయా, లేక దూరమున వసతిగృహమున్న పాఠశాలలో చేర్చుటయా? ఆడపిల్ల యైనచో, మగపిల్లలతో కలిసి చదువు బడి తగునా, తగదా? తండ్రి యొకటి చెప్పును, తల్లి మరియొకటి చెప్పును, మేనమామ వచ్చి మూడవది చెప్పును. ఆ పిల్లను మాత్ర మెవ్వరును అడుగరు. మేమును ఇట్టి చర్చలలో పాలుగొన్నవారమే. తీర్పు చెప్పుటకు మాకు సాహసము చాలదు. కాని యీ ప్రశ్నలన్నిటిని తనలో నిడుకొని నూరేండ్లకు మించి నడచుచున్న పాఠశాల యొకటి మన దేశముననే కలదు. దాని కథ చెప్పినచో మా శ్రోతలకు ఆలోచించుకొనుటకు కొంత సామగ్రి దొరకునని తలచితిమి.

అది శాంతినికేతనములోని పాఠభవనము. శాంతినికేతన మనగానే మనకు విశ్వకవియు, గీతాంజలియు, విశ్వభారతి విశ్వవిద్యాలయమును జ్ఞప్తికి వచ్చును. ఆ విశ్వవిద్యాలయమునకు మూలము ఐదుగురు పిల్లలతో మొదలైన చిన్న బడి యన్న సంగతి అంతగా జ్ఞప్తికి రాదు. పెద్ద సంస్థలు చిన్న బడులను పెట్టుట లోకములో చూచుచుందుము; ఇచ్చట బడియే ముందు పుట్టినది.

వంగదేశమున బీర్భూము జిల్లాలో బోల్పూరు రైలు స్టేషనునకు కొలది దూరమున నున్నదీ చోటు. ఎర్రని నేల, వాననీరు కోసిన గండ్లు, అచ్చటచ్చట తాటిచెట్లు. 1863లో రవీంద్రనాథుని తండ్రి మహర్షి దేవేంద్రనాథ ఠాగూరు ఈ మార్గమున పోవుచు, బయలు నడుమ నున్న రెండు ఏడాకులపాల చెట్ల నీడను విశ్రమించి, ఆ యేకాంతమునకు ముగ్ధుడై 20 బిఘాల నేలను శాశ్వతపు కౌలునకు తీసికొనెను. ధ్యానము చేసికొనుటకు ఒక యిల్లు కట్టించెను. 1891లో గాజుపలకలతో ప్రార్థనామందిరము వెలసెను. అప్పటికి అచ్చట బడి లేదు, పిల్లల సందడియు లేదు.

1901 డిసెంబరు 22వ తేదీన రవీంద్రుడు ఆ తోటలో బ్రహ్మచర్యాశ్రమము పేర విద్యాలయమును తెరచెను. అప్పటి కాయన వయస్సు 40 సంవత్సరములు. విద్యార్థు లైదుగురు, వారిలో ఆయన పెద్దకుమారుడు రథీంద్రనాథు డొకడు. బాల్యమున ఒక బడి తరువాత మరియొక బడి మార్చినను దేనిలోను ఇముడలేక, నాలుగు గోడల నడుమ గంటలు లెక్కపెట్టుకొనుచు బాధపడిన పిల్లవాడే పెద్దవాడై బడి పెట్టినాడన్నమాట. తనకు దొరకనిది ఇతరుల పిల్లలకు దొరకవలెనన్న పట్టుదల దానికి పునాది. పునాదికి పట్టుదల చాలును గాని, వంటయింటికి చాలదు గదా! మొదట పిల్లలయొద్ద రుసుము పుచ్చుకొనలేదు. కవి భార్య మృణాళినీదేవి తన నగలను విడిచి యిచ్చెను. పిల్లలకు స్వయముగ వండి పెట్టెను. పాఠశాల తెరచిన పదునొకండు నెలలకే, 1902 నవంబరులో, ఆమె మరణించెను. ఈ విద్యాలయ చరిత్రలో ఆమెకు రావలసినంత పేరు రాలేదని మా యభిప్రాయము.

ఇంకొక పేరును చెప్పవలెను. కవి చిన్నకుమారుడు శమీంద్రుడు ఆ బడిలోనే చదివెను. 1907లో శ్రీపంచమినాడు, పదియేండ్ల యా బాలుడు తోటిపిల్లలను కూడగట్టి, వేషములు వేయించి, పాటలు పాడించి ఋతువుల పండుగ నొకదానిని జరిపెను. పెద్ద లెవరును చెప్పి చేయించినది కాదది. అదే యేడు నవంబరులో, తల్లి పోయిన దినమునకు సరిగ ఐదేండ్లకు, ఆ పిల్లవాడు కలరా సోకి మృతినొందెను. తరువాతి కాలమున దేశదేశములనుండి జనులు వచ్చి చూచుచుండిన శాంతినికేతన వసంతోత్సవమునకు మొదలు ఆ బాలుని వేడుకయే యని పెద్దలు చెప్పుదురు. తరువాత వర్షామంగళము, శారదోత్సవము, 1928 నుండి వృక్షారోపణము, హలకర్షణము ఒకదాని వెంట నొకటి వచ్చి చేరినవి. పండుగ అనగా బడికి సెలవు కాదచ్చట, పండుగయే పాఠము. వానకాలము వచ్చినప్పుడు పిల్లలు వాన పాటలు నేర్తురు, మొక్కలు నాటుదురు, నాటిన మొక్క పేరు తెలిసికొందురు. వృక్షశాస్త్రము, సంగీతము, భాష యను మూడు గంటల పని ఒక్క ఉదయమున జరిగిపోవును.

ఇక దినచర్య సంగతి. తెల్లవారకముందే నిద్ర లేచుట, గది ఊడ్చుకొనుట, స్నానము, కొంతసేపు మౌనము: తొలినాళ్ల కట్టుబాటు లివి. ప్రాతఃకాలమున అందరును గుమిగూడి పాడు పాటకు వైతాలికమని పేరు. ఆ తరువాత తరగతులు. పిల్లలు ఎవరి ఆసనము వారు చంకబెట్టుకొని మామిడితోపునకో, మద్దిచెట్ల బాటకో, పొగడచెట్ల క్రిందికో పోవుదురు. గురువునకు చెట్టు మొదట ఒక తిన్నె. ఆయన చుట్టును పిల్లలు గుండ్రముగ కూర్చుందురు. వెనుకబల్ల యన్నది లేదు గనుక వెనుకబల్ల విద్యార్థియు లేడు. గంట మ్రోగినచో ఆసనము లెత్తుకొని ఇంకొక చెట్టునకు నడచుదురు. ఆ గంటను వ్రేలాడదీసిన కట్టడము సాంచీ తోరణమును పోలియుండును. ప్రయోగశాల కావలసిన పాఠములకు మాత్రము గదులున్నవి.

చెట్టుక్రింద పాఠము చెప్పినచో పిల్లలు పిట్టలను చూచుచుందురు గాని పుస్తకము చూతురా యని సందేహము కలుగును. రవీంద్రున కీ సందేహము లేదు. ఆశ్రమమును చూడవచ్చిన ప్రధానోపాధ్యాయు డొకడు, చెట్టెక్కి కొమ్మల పంగలో కూర్చుండి చదువుకొనుచున్న పిల్లవానిని చూచి నొచ్చుకొన్నాడట. ఆ పిల్లవానికి చెట్టెక్కు వయస్సు ఇప్పుడే గదా, ఈ వయస్సు దాటిన తరువాత ఎక్కుమన్నను ఎక్కునాయని కవి సమాధానపడెను. పిట్టను చూచుటయు చదువేయని ఆయన తలంపు. చూచినదానిని మరల వ్రాయుమని, గీయుమని అడుగుట గురువు పని. కనుకనే అచ్చట బొమ్మలు వేయుట, పాట, ఆట, చేతిపని అన్నియు గణితముతో సమానముగ పట్టికలో చోటు సంపాదించుకొన్నవి. మిగిలిన కాలమున చేయు వినోదములుగ నుండలేదు.

పట్టిక యెంత చక్కగ వ్రాసినను దానిని నడుపుటకు తగిన మనుష్యులు కావలెను. ఈ విషయమున శాంతినికేతనము అదృష్టము చేసికొన్నది. జగదానంద రాయి యను నాయన ఠాగూరుల జమీందారీలో ఉద్యోగి; విజ్ఞానశాస్త్రమును తేటగ చెప్పగలడని గ్రహించి కవి ఆయనను బడికి తెచ్చెను. ఆయన పిల్లలకు నక్షత్రములను చూపెను, వంగభాషలో విజ్ఞాన గ్రంథములు వ్రాసెను. హరిచరణ బంద్యోపాధ్యాయుడును జమీందారీ కచేరిలోని వాడే. ఆయనకు సంస్కృత పాఠములు అప్పగించుటయే గాక, వంగభాషకు సమగ్ర నిఘంటువు కూర్చుమని కవి చెప్పెను. 1905లో మొదలిడిన యా పని, అచ్చు ముగియువరకు నలువది యేండ్లు పట్టెను. పగలు పిల్లలకు పాఠము, రాత్రి దీపము ముందు నిఘంటువు. కడకు చూపు పోయెను; నిఘంటువు నిలిచెను. చదువు పరీక్షతో ముగియునది కాదని పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. దీపము వెలుగుచున్న కిటికీ చాలును. 1930లో వెలువడిన సహజ పాఠమను బాలవాచకమును రవీంద్రుడు వ్రాయగా, నందలాల్ బోసు బొమ్మలు చెక్కెను. దేశములోని మేటి కవియు మేటి చిత్రకారుడును కలిసి అక్షరములు నేర్చు పసివారికి పుస్తకము చేయుట మన భాషలలో తరచుగ చూడము.

ఇంతవరకు చెప్పినది విని అంతయు నందనవనమే యనుకొనరాదు. మొదటి యేండ్లలో భోజనపంక్తులలో కులభేదము పాటింపబడెను. బ్రాహ్మణేతరుడైన గురువునకు బ్రాహ్మణ బాలురు పాదాభివందనము చేయవచ్చునా యన్న ప్రశ్న పుట్టినప్పుడు కవియే తటపటాయించెను. ఆ మరకలు క్రమముగ తుడుచుకొనిపోయినవి. 1915లో గాంధీజీ ఆశ్రమమునకు వచ్చి, వంటవారిని, పనివారిని నమ్ముకొనుట యెందుకు, మీ పని మీరే చేసికొనరాదాయని ప్రశ్నించెను. మార్చి 10వ తేదీన గురువులును శిష్యులును వంట, నీళ్లు, పాకీపనితో సహా అన్నింటిని తామే చేయ మొదలిడిరి. ఆ యుత్సాహము ఎక్కువ కాలము సాగలేదు. అయినను నేటికిని ఏటేటా మార్చి 10ని గాంధీ పుణ్యాహమని పాటించి, ఆనాడు పనివారికి విశ్రాంతి యిచ్చి తామే చీపుళ్లు పట్టుదురు. ఏడాదికి ఒక్కనాడేనా యని నవ్వువారు నవ్వవచ్చును. ఆ ఒక్కనాడైనను లేని బడు లెన్నియో మేమెరుగుదుము.

బాలబాలికల సహవిద్య అచ్చట ఒక్క పెట్టున వచ్చినది కాదు. మొదలిడినది బాలుర ఆశ్రమము. 1909 ప్రాంతమున కొందరు బాలికలు చేరిరి. కొలది కాలమునకే ఆ యేర్పాటు ఆగిపోయెను. ఆ దినములలో పెండ్లీడు పిల్లను పరాయి చోటికి పంపుటకు సాహసించు తల్లిదండ్రు లెందరు? 1920 తరువాతి దశకమున బాలికలు మరల వచ్చిరి. వారికి వేరుగ వసతిగృహ మేర్పడెను. ఆపైన తిరిగి చూడలేదు. 1929లో రవీంద్రుడు జపానునుండి తకగాకి యను జూడో గురువును రప్పించినప్పుడు బాలికలును నడుము బిగించి ఆ విద్య నేర్చుకొనిరి.

నాట్యమునకు మాత్రము ఇంతకంటె ఎక్కువ ధైర్యము కావలసివచ్చెను. గౌరవ కుటుంబముల ఆడపిల్లలు వేదికపై నర్తించుట నాడు తలంపరాని మాట. 1926లో నటీర్ పూజా యను నాటకమున నందలాల్ బోసు కుమార్తె గౌరి ప్రధానపాత్ర ధరించెను. మరుసటి యేడు కలకత్తాలో దానిని ప్రదర్శింపబోవునప్పుడు, స్త్రీపాత్రలు మాత్రమే యున్న యా నాటకములో కవి తనకొరకు ఒక బౌద్ధభిక్షువు పాత్రను చేర్చుకొనెను. అరువదియైదేండ్ల వృద్ధుడు తాను వేదికపై నుండగా, పడు నింద ముందు తనపై పడును గాని పిల్లలపై పడదు గదా! సహవిద్యనుగూర్చి వాదములు చేయుట సులభము. పిల్లల ప్రక్కన నిలుచుండుట కష్టము. అట్లు నిలుచు పెద్దలున్నచోట సహవిద్య సాగును, లేనిచోట సాగదు. మాకు తోచినది ఇంతే.

కలిసి చదువుటకు అచ్చట తోడ్పడు చిన్న ఆచార మొకటి కలదు. పిల్లలు గురువులను అయ్యవారని, అమ్మగారని పిలువరు. పేరు చివర దా, దీ యని చేర్తురు. మన భాషలో చెప్పవలెనన్న అన్నగారు, అక్కగారు అన్నమాట. బడియంతయు ఒక పెద్ద యింటివలె నైనప్పుడు, తరగతిలోని మగపిల్లవాడు, ఆడపిల్ల యొకరినొకరు వింతగ చూచుకొను అవకాశము తగ్గును.

ఇక ఇంటినుండి వచ్చు పిల్లలు, వసతిగృహమున నుండు పిల్లలు అను రెండు తెగల మాట. అనేక పాఠశాలలలో ఈ రెండు తెగలకును పొత్తు కుదరదు. బయటివారు నాలుగు గంటలకు పోవుదురు. లోపలివారు గోడల నడుమ మిగిలిపోవుదురు. శాంతినికేతనమున గురువులు కుటుంబములతో అచ్చటనే, గురుపల్లిలోని పూరిండ్లలో కాపురముండుటచే, ఇంటిపిల్లలును ఆశ్రమపు పిల్లలే యైరి. మంగళవారపు సాయంకాలములలో జరుగు సాహిత్యసభకు ఇరుతెగలవారును వత్తురు. తాము వ్రాసినది తామే చదువుదురు, పాడుదురు. వారపు సెలవు ఆదివారము కాదు, బుధవారము. ఆనాటి ఉదయము మందిరములో ప్రార్థన. ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన అమర్త్య సేన్ ఇట్టి యింటిపిల్లవాడే. 1941లో, యుద్ధభయము ముసురుకొన్న కాలమున, ఢాకాలో నున్న తల్లిదండ్రు లాయనను తాతగారైన క్షితిమోహన్ సేన్ ఇంటికి పంపిరి. ఆ తాతగారు 1908 నుండి అచ్చట బోధించుచున్న పండితుడు. మార్కులకంటె కుతూహలమునకు అచ్చట విలువ హెచ్చని అమర్త్య సేన్ వ్రాసియున్నాడు. సహపాఠిని యొకతెను గూర్చి గురువొకరు మాటలాడుచు, మంచి మార్కులు వచ్చుచున్నను ఆమె బాగుగనే ఆలోచింపగలదని మెచ్చుకొన్నారట! మన యిండ్లలో ఈ మాట తలక్రిందుగ వినబడును.

వసతిగృహపు పిల్లలకు పాలన యెట్లన్న ప్రశ్న కలదు. గురువు బెత్తము పట్టరాదని రవీంద్రుని నియమము. పిల్లలు తమలో తాము నాయకుల నెన్నుకొని, తప్పుచేసినవారిని తామే విచారించు సభ నొకదానిని నడిపిరి. ఇట్టి స్వేచ్ఛకు తగిన పిల్లలే వచ్చిరా యనగా, అదియు లేదు. ఇంటివద్ద అదుపులో లేని పిల్లలను దిద్దింపవచ్చునని కొందరు తండ్రులు తొలినాళ్లలో అచ్చటికి పంపిరి. బెత్తము లేని బడికి, బెత్తమునకు లొంగని పిల్లలు! మరియొక వైపు ప్రభుత్వపు కన్ను. తూర్పుబెంగాలు, అస్సాము కలిసి ఒక రాష్ట్రముగ నున్న కాలమున, అనగా 1905కును 1912కును నడుమ, ప్రభుత్వోద్యోగుల పిల్లలకు ఈ పాఠశాల తగదని ఆ రాష్ట్ర ప్రభుత్వమొక యుత్తరువు పంపెను. జీతమునకు భయపడి పిల్లలను మాన్పించినవారును ఉండిరి. 1913లో నోబెల్ బహుమానము వచ్చినప్పుడు, ఆ సొమ్మును కవి తన జమీందారీలోని పతిసర్ కృషిబ్యాంకులో నిలువచేసి, రైతులకు అప్పు దొరకునట్లును, వడ్డీ బడికి చేరునట్లును ఏర్పరచెను. ఆ బ్యాంకు తరువాత నిలువలేదు. ధనముకొరకు కవి ముసలితనమున నాటకబృందముతో ఊరూర తిరుగవలసివచ్చెను.

పరీక్షల సంగతి చెప్పకున్నచో మా శ్రోతలు ఊరకొనరు. పరీక్షలను ఏవగించుకొన్న రవీంద్రుడును వాటిని తప్పించుకొనలేకపోయెను. తన కుమారుని 1904లో కలకత్తా విశ్వవిద్యాలయపు ఎంట్రన్సు పరీక్షకు పంపెను. తరువాతి పిల్లలును మెట్రిక్యులేషనునకు పోయిరి. తల్లిదండ్రులు కోరినది అదియే. పది యేండ్లు చెట్ల క్రింద హాయిగ చదివిన పిల్లవాడు చివరి రెండేండ్లు పుస్తకములపై వంగి కూర్చుండుట ఆయనకు బాధ కలిగించెను. గ్రామముల పేదపిల్లల కొరకు 1924లో శిక్షాసత్రమను వేరొక బడిని పెట్టునప్పుడు, పట్టముల యాశ లేని చోటనైన తన తలంపు పూర్తిగ నెరవేరునని ఆయన భావించెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైన పిమ్మట పాఠభవనపు చివరి పరీక్షలను విశ్వభారతియే నడుపుచున్నది. అయినను ఇంజనీరింగు, వైద్య కళాశాలల ప్రవేశపరీక్షలు మామిడితోపును అడిగి రావు గదా. నేటి పాఠభవనపు తల్లిదండ్రులకును మన కున్న ఆరాటమే కలదు.

ఆంధ్రులకును ఈ ఆశ్రమమునకును పొత్తు పాతదే. రాయప్రోలు సుబ్బారావు కొంతకాల మచ్చట నుండెను. బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదివి, వంగభాష నేర్చి, రవీంద్రుని రచనలను తెలుగు చేసెను; 1955-56లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రియు, తరువాత కేంద్రములో రేడియో వ్యవహారములు చూచు మంత్రియు నయ్యెను. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి, దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రమించుచు జనగణమన గీతమును పిల్లలకు పాడి వినిపించి, దానిని ఆంగ్లమున కనువదించెను. స్వరలిపి వ్రాయుటకు ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్సు తోడ్పడెను. ఆ మదనపల్లె చేరువనే, అచ్చట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తలపెట్టిన ఋషివ్యాలీ పాఠశాల బాలబాలికలకు కలిపి వసతితో చదువు చెప్పుచున్నది. దానిని గూర్చి మరియొకప్పుడు ముచ్చటింతుము.

2023లో యునెస్కో శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. అందుచే యాత్రికులు పెరిగిరి. పోదలచినవారికి ఒక్క మాట: తరగతులు జరుగు వేళ చెట్ల నడుమకు పోయి ఫోటోలు తీయబోకుడు. అచ్చట పసుపుబట్టలు కట్టుకొని కూర్చున్నవారు చూపునకు పెట్టిన బొమ్మలు కారు. లెక్కలు చేసికొనుచున్న పిల్లలు. వాన వచ్చినప్పుడు ఏమి చేయుదురని మీ రడుగవచ్చును. మనము చేయునదే వారును చేయుదురు: ఆసనము నెత్తిన పెట్టుకొని పరుగెత్తుదురు.